గోడ పొడుగు నిశ్శబ్దం

మా ఇల్లున్న జాగాలో ఇప్పుడు దవాఖాన ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వైపు మెట్రో పిల్లర్ల వెంట నడిచి, ఎడమ చేతి రోడ్డులోకి తిరిగితే అద్దాల మేడ ఒకటి కనిపిస్తుంది. అక్కడ ఒకప్పుడు పెద్ద దర్వాజ, రాతి అరుగులు, వెనుక పశువుల కొట్టం, ముందు మనిషెత్తు గోడ ఉన్న లోగిలి ఉండేదని చెబితే నమ్మేవాళ్లు తక్కువ. అందుకే చెప్పడం మానేశాను. నేను ఉండేది దాని వెనుక సందులో, ఒకప్పటి మా మిరపతోట మీద లేచిన అపార్ట్‌మెంట్‌లో. పాలకు పోయినా, పేపరుకు పోయినా దవాఖాన వైపు కాకుండా ఎదుటి ఫుట్‌పాత్ మీదుగానే పోతాను. బాధతో కాదు. చెయ్యి దాటిన ఇంటి ముందు నిలబడి చూసే అలవాటు మా వాళ్లకు లేదు.

అలాంటిది ఈ ఆషాఢంలో లోపలికి వెళ్లక తప్పలేదు. మా మేనత్త సత్తెమ్మ తుర్కయంజాల్‌లో కొడుకు ఇంట్లో బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఎముకల డాక్టరు మంచివాడని కొడుకు ఆమెను తెచ్చి ఇక్కడే చేర్చి ఆపరేషన్ చేయించాడు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి నన్ను ఆపి, విజిటర్ పాస్ కోసం పేరు రాసుకుంటూ, "పేషెంట్ మీకేమైతది సార్?" అని అడిగాడు. "ఈ ఇంటి ఆడబిడ్డ" అన్నాను. అతను నా మొఖం చూసి, ఏమీ అర్థంకాక, చుట్టం అని రాసుకున్నాడు. పైన మూడో అంతస్తులో, రోడ్డు వైపు కిటికీ ఉన్న గదిలో అత్త పడుకుని ఉంది. నన్ను చూడగానే మొదట అన్న మాట, "చూసినవా, కాలిరిగి పుట్టింటికొచ్చిన" అని. తర్వాత కిటికీ వైపు చెయ్యి చూపించి, "నేను లెక్క కట్టిన. ఈ మంచం సక్కగ మీ తాత కూసునే అరుగు మీద పడ్డది. కింద ఆయన, మీద నేను. ఇప్పుడుంటె ఏమంటుండెనో!" అని నవ్వింది. నవ్వితే కుట్లు లాగి, మళ్లీ మొఖం ముడుచుకుంది.

ఆ కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కన నీలం రంగు బోర్డు కనబడుతుంది. నిశ్శబ్ద ప్రాంతం, హారన్ కొట్టరాదు, మైకులు, డప్పులు, బ్యాండు మేళాలు నిషేధం అని దాని మీద ఉంటుంది. అలాంటిదే ఇంకొకటి అవతలి కొసన ఉంది. ఆ రెండు బోర్డుల నడుమ ఏ ఊరేగింపైనా చప్పుడు చేయకుండా సాగాలి. అయితే ఆ రోడ్డుకు ఈ కట్టుబాటు కొత్తది కాదు. బోర్డు కొత్తది, అంతే.

మా తాత మాలీ పటేలు, ఊరి శిస్తు వసూలు చేసే పెద్ద. ఆయన కాలంలో మా గోడ మొదలయ్యే మూల నుంచి గోడ తిరిగే మూల దాకా డప్పు మోగకూడదు. పెళ్లైనా, బోనాలైనా, పీర్ల సవారీ అయినా, చావైనా అంతే. మూల దగ్గరికి రాగానే డప్పులవాళ్లు డప్పు చంకలో పెట్టుకునేవాళ్లు, చెప్పులుంటే చేత పట్టుకునేవాళ్లు. బోనమెత్తిన ఆడవాళ్లు కూడా పాట ఆపి నడిచేవాళ్లు. అవతలి మూల దాటగానే డప్పు మళ్లీ లేచేది. ఈ పద్ధతి ఎలా వచ్చిందని అడిగితే మా ఇంట్లో ఒకటి చెప్పేవాళ్లు, ఊళ్లో ఒకటి చెప్పేవాళ్లు. మా ముత్తవ్వ ఒక వానకాలమంతా మంచం పట్టి ఉంటే, డప్పులవాళ్లే మర్యాదకొద్దీ ఆపారని, ఆమె పోయాక మళ్లీ కొట్టమని చెప్పే తీరిక ఎవరికీ కలగలేదని మా ఇంటి మాట. ఎవరో ఒక డప్పులాయన్ను మా ముత్తాత గోడ ముందు తన్నించాడని, ఆ భయంతో ఆగిపోయిందని ఊరి మాట. రెండూ నిజం కావచ్చు. మా వంశం గురించి ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాదు, ఇంతకన్నా గట్టిగా చెప్పాల్సిన అవసరమూ నాకు కనబడదు.

ఒక సంగతి మాత్రం బయటివాళ్లకు తోచదు. ఆ కట్టుబాటు వల్ల ఊళ్లో చప్పుడు అందరికంటే తక్కువ విన్నది మేమే. మా ఇంట్లో ఉన్నవాళ్లకు ప్రతి దరువూ దూరంగా మొదలయ్యేది, దగ్గరకొచ్చేది, ఇక ఇంటి ముందుకు వచ్చిందనగా ఆగిపోయేది. కాసేపు వట్టి అడుగుల చప్పుడు, గజ్జెల చప్పుడు, ఎవరో పిల్లను ఊరుకోబెడుతున్న గుసగుస. ఆ తర్వాత దరువు మళ్లీ వినబడేది, అప్పటికి అది వెళ్లిపోతున్న దరువు. వచ్చేదీ పోయేదీ వినడమే తప్ప, ఎదురుగా నిలబడి విన్నది లేదు. డప్పంటే అలాగే కొడతారని నేను అనుకునేవాణ్ణి. ఒకసారి మా అమ్మ పుట్టింటికి పోయినప్పుడు ఊరేగింపు ఒకటి ఇంటి ముందు నుంచి ఆగకుండా మోగుకుంటూ పోతే, "అమ్మా, వీళ్లకు ఆపుడు రాదా?" అని అడిగానట. ఆ మాట చెప్పుకుని మా మేనమామలు చాలా ఏళ్లు నవ్వారు.

తాత తెల్లవారకముందే లేచేవాడు. వేపపుల్ల నములుతూ ఒక చుట్టు తిరిగి వచ్చి, తెల్లటి ధోవతి కట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. అప్పటికి లోపల కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె కాలుతున్న వాసన, అలుకు చల్లిన నేల పచ్చివాసన, కొట్టంలోంచి కుడితి వాసన కలిసి వచ్చేవి. వాటన్నిటి మీద తాత చుట్ట వాసన ఒక దుప్పటిలా పరుచుకునేది. ఆయన గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. డప్పు దగ్గరకొస్తున్నప్పుడు చుట్టను అరుగు అంచున పెట్టేవాడు. అది ఆగి, అవతలి మూలన మళ్లీ మొదలయ్యాక తీసుకునేవాడు. ఆ కాసేపూ ఇంట్లో కూడా ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. మజ్జిగ చిలికే కవ్వం కూడా ఆగేది. మమ్మల్ని ఎవరూ ఆపమనలేదు. బయట ఆగితే లోపల ఆగాలని మాకే అనిపించేది.

ఆగనిది ఒక్కరే, సత్తెమ్మత్త. తాతకు కడగొట్టు బిడ్డ. అప్పటికి లంగావోణీల వయసు. డప్పు ఆగగానే ఆమె వంటింట్లో బోర్లించిన ఇత్తడి గుండిగ ముందు కూర్చుని, చప్పుడు బయటికి పోకుండా వేళ్ల కొనలతో అదే దరువు సాగించేది. గోడ పొడుగంతా బయట నిశ్శబ్దం నడుస్తుంటే లోపల ఆమె వేళ్లు నడిచేవి. అవతలి మూలన డప్పు లేచేసరికి ఆమె వేళ్లూ అదే దెబ్బ మీద ఉండాలి. ఉంటే కళ్లు మెరిసేవి. తప్పితే, "వాళ్లే తప్పిండ్రు" అనేది. మా అవ్వ, అంటే తాత భార్య, రొట్టె కొడుతూనే వెనక్కి తిరిగి, "ఆడివిల్లవా, డప్పులోనివానే? మీ నాయిన ఇన్నడంటే ఏళ్లిరుగుతయి" అనేది. "ఇననీ. ఆయిన కట్టుబాటు గోడకే కద, గుండిగకు లేదు కద" అనేది అత్త. మా అవ్వకు కోపం రావాల్సిన చోట నవ్వొచ్చేది. ఆ నవ్వు దాచుకోవడానికి పొయ్యిలోకి వంగి ఊదేది.

ఊళ్లోకి మొదటిసారి మైకు సెట్టు వచ్చినప్పుడు కూడా తాత దగ్గరికే వచ్చి అడిగారు. పందిరి గుంజకు గొట్టం కట్టి పాటలు పెడతారట, వద్దంటారా అని. తాత చాలాసేపు ఆలోచించి, "పెట్టుకోండ్రి. గొట్టం మూతి మాత్రం అటు తిప్పుండ్రి" అన్నాడు. అటు అంటే సరూర్‌నగర్ చెరువు వైపు. ఆనాటి నుంచి మా ఊళ్లో ఎవరింట్లో శుభకార్యమైనా గొట్టం మూతి చెరువు వైపే. ఆ పాటలు అవతలి ఊళ్లకు స్పష్టంగా వినబడేవట. మాకు మాత్రం ఎవరో ముక్కు మూసుకుని పాడినట్టు వెనుక నుంచి వచ్చేవి. అత్త మేడ మెట్లెక్కి చెవి రిక్కించుకుని కూర్చునేది. "సక్కగ ఎదురుంగ ఒక్కపాట ఇనొద్దా ఈ ఇంట్ల పుట్టినందుకు?" అని నాతో అనేది. ఆమె మాట వినడానికి ఇంట్లో నేనొక్కణ్ణే తీరికగా ఉండేవాణ్ణి.

ఆమె పెళ్లి కుదిరింది. వరుడు తుర్కయంజాల్‌లో పెద్ద వ్యవసాయం ఉన్న ఇంటివాడు, పేరు నర్సింహ. పెళ్లి రోజు దగ్గరపడుతున్నకొద్దీ అత్త మనసులో ఏముందో నాకు తెలుసు, ఎందుకంటే నాకే చెప్పింది. మగపెళ్లివాళ్లు పట్నం నుంచి బ్యాండు మేళం మాట్లాడారు. ఎదుర్కోళ్లు అయ్యాక ఆ మేళం పెళ్లికొడుకును తోడుకుని ఇంటి ముందుకు వస్తుంది. తన పెళ్లికి, తన కోసం వచ్చే మేళాన్ని తన తండ్రి ఎలాగూ ఆపడని ఆమె ధీమా. ముందు గదిలో కిటికీ పక్కన కూర్చుని గౌరీపూజ చేసుకుంటానని పట్టుబట్టింది. కిటికీకి గోడ అడ్డమైనా చప్పుడుకు గోడ అడ్డం కాదు కదా అన్నది.

మేళం వచ్చింది. మూల దగ్గరికి రాగానే మా మనుషులు ఎదురెళ్లి చేతులు జోడించి ఆపమన్నారు. మగపెళ్లివాళ్లకు ఈ పద్ధతి తెలియదు. కిరాయి అంబాసిడర్ కారులో బాసికం కట్టుకుని కూర్చున్న పెళ్లికొడుకు ఏమైందని తల బయట పెట్టాడు. అతని మేనమామ కారు ముందుకొచ్చి నిలబడ్డాడు. తువ్వాలు భుజం మార్చుకుంటూ, ఊరంతా వినేటట్టు, "పీనుగ పోయినా డప్పు కొడతరు గదనయా! మా పిలగాడు పీనుగ కన్న తక్కువనా, సప్పుడు లేకుంట లోపలికొచ్చెటందుకు?" అన్నాడు. తాత అరుగు మీంచి లేచి మూల దాకా నడిచి వచ్చాడు. ఆయన అట్లా నడిచి రావడమే అపురూపం. "బావా, ఈ గోడ ముంగట నా పెండ్లికి మోగలే, నా కొడుకు పెండ్లికి మోగలే. నా బిడ్డ పెండ్లని ఇయ్యాల మోగనిస్తే, రేపు ఊరోళ్ల పెండ్లికి ఆపుమనే మొఖముంటదా నాకు?" అన్నాడు. మేనమామ వెంటనే, "గట్లయితె మీ మొఖం మీరు ఉంచుకోండ్రి, మా పిలగాన్ని మేము తోల్కపోతం" అని డ్రైవరును కారు వెనక్కి తిప్పమన్నాడు.

కారు తిప్పడానికి చోటు లేదు. చోటు ఉంటే ఆ పెళ్లి జరిగేది కాదేమో. కారు వెనుక బండ్లు, బండ్ల వెనుక ఊరి జనం. మేళంవాళ్లు వాయిద్యాలు దించి బీడీలు వెలిగించారు. ముహూర్తం దగ్గరపడుతోంది. పురోహితుడు మాటిమాటికి దర్వాజ దాకా వచ్చి పోతున్నాడు. మా నాన్న తాత చెవిలో ఏదో చెప్పబోతే తాత ఆయన వైపు చూడలేదు. నేను లోపలికి పరుగెత్తి ముందు గదిలో చూస్తే, అత్త పసుపు ముద్ద ముందు కూర్చుని, చీర కుచ్చిళ్లు గుప్పిట పట్టుకుని ఉంది. "ఆపిండ్రా?" అని అడిగింది. నేను తలూపాను. ఆమె వేళ్లు పీట మీద కదలలేదు. అది నాకు బాగా గుర్తు.

అప్పుడు మా అవ్వ దర్వాజ చాటుకు వచ్చి, కొంగు తల మీదికి లాక్కుని, తాత ఒక్కడికే వినబడేటట్టు అన్నది: "కట్టుబాటు ముంగటి గోడకే కద. ఎనుక గోడకు లేదు కద." తాత ఒకసారి వెనుక కొట్టం వైపు చూశాడు. తర్వాత జీతగాళ్ల వైపు తిరిగి, "గడ్డపారలు తెండ్రి" అన్నాడు.

వెనుక సందు వైపు కొట్టం గోడను పెళ్లికొడుకు కారు పట్టేంత వెడల్పున పడగొట్టారు. మట్టిగోడ, ఎక్కువసేపు ఆగలేదు. మేళం ఊరు చుట్టి, వెనుక సందులోంచి, గొంతులు చించుకునేటంత హుషారుగా వాయించుకుంటూ వచ్చింది. ఇందులో మేనమామ పంతం నెగ్గింది, తాత పంతమూ నెగ్గింది. పెళ్లికొడుకు కూలిన మట్టిపెళ్లల మీదుగా, పేడ తొక్కకుండా పంచె ఎత్తి పట్టుకుని, కొట్టంలోంచి ఇంట్లో అడుగుపెట్టాడు. అందరూ అన్నీ ఆలోచించారు కానీ, కొట్టంలో బర్రెలున్న సంగతి ఆలోచించలేదు. చెవుల పక్కన ఒక్కసారిగా బాకాలు మోగేసరికి అవి పలుపులు తెంపుకున్నాయి. ఒకటి పురోహితుణ్ణి దాటుకుని పోయి సరిగ్గా పీటల ముందు నిలబడి అరిచింది. దాన్ని తోలేదాకా మేళం ఆపమన్నారు. తోలాక పురోహితుడు ముహూర్తం మించిపోతోందని మంత్రాలు అందుకున్నాడు. ముందు గదిలోంచి అత్తను తీసుకొచ్చేసరికి మేళంవాళ్లు బాకాలు తుడుచుకుంటున్నారు. "నా పెండ్లిల నేను సక్కగ ఎదురుంగ ఇన్నది బర్రె అరుపొక్కటే" అని ఆమె జీవితమంతా చెప్పుకుంది. నర్సింహ మామను ఊరు ఊరంతా కొట్టం అల్లుడు అన్నది. ఆయన మంచివాడు. పండక్కు వచ్చినప్పుడల్లా, "ఎట్ల రమ్మంటరు, ముంగటి నుంచా, ఎనుక నుంచా?" అని తాతనే అడిగేవాడు. తాత నవ్విన అతి కొద్ది సందర్భాల్లో అవి కొన్ని.

తర్వాత తాత పోయాడు, పటేలుగిరి పోయింది, భూములు పోయాయి. ఎలా పోయాయో చెప్పడానికి ఇది చోటు కాదు. పోయాయి. ఇంటికంటే ముందు పోయింది గోడే, రోడ్డు వెడల్పులో. గోడ పోయాక కూడా కొన్నేళ్లు డప్పులవాళ్లు ఆ మూల నుంచి ఈ మూల దాకా లేని గోడకు డప్పు ఆపుకుంటూ నడిచారు. ఒక బోనాల నాడు మాత్రం ఎక్కడో వేరే బస్తీ నుంచి పిలిపించిన వాళ్లు వచ్చారు. వాళ్లకు మేమెవరమో తెలియదు. మా నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. డప్పు దగ్గరకొస్తుంటే అలవాటుగా చుట్ట అరుగు అంచున పెట్టాడు. డప్పు ఆగలేదు. ఇంటి ముందుకు వచ్చింది, మోగింది, దాటిపోయింది. ఆయన చుట్ట ఎప్పుడు తీసుకోవాలో తెలియక అట్లాగే కూర్చున్నాడు. అది ఆరిపోయాక, "ఇంక కింద పెట్టే పని లేదు" అన్నాడు. అప్పటికి అత్త తుర్కయంజాల్‌లో ముగ్గురు పిల్లల తల్లి. ఆ డప్పు కూడా ఆమె వినలేదు. ఆమెకు చెబితే, "నేను పుట్టినింట్ల ఎదురుంగ డప్పు మోగిందా? నేను లేని దినమే దొరికిందా వాళ్లకు?" అని నిజంగానే కోపం తెచ్చుకుంది. ఇల్లు అమ్ముడుపోయేదాకా మళ్లీ ఆమెకు ఆ సందర్భం కుదరలేదు. ఆమె వచ్చినప్పుడు బోనాలు లేవు, బోనాలప్పుడు ఆమె రాలేదు.

ఇప్పటి సంగతి వేరు. డీజే పెట్టెలు వచ్చాక చప్పుడు చెవితో వినేది కాదు, పక్కటెముకలతో వినేది అయింది. దవాఖాన ఎదుటి ఫంక్షన్ హాలులో పెళ్లి అయిన రాత్రి మా కిటికీ అద్దాలు వణికేవి, షెల్ఫులో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. రాత్రి పది దాటితే మైకు బంద్ అని, దవాఖాన చుట్టూ నూరు మీటర్లు చప్పుడు ఉండొద్దని, మైకు పెట్టాలంటే ఠాణాలో అనుమతి తీసుకోవాలని రూలు ఎప్పటినుంచో ఉంది. అమలు చేయమని అడిగేవాడు లేడు. కాలనీ సంఘానికి అధ్యక్షుణ్ణి కాబట్టి నేను అడిగాను. ఠాణాకు పోయాను, మున్సిపల్ ఆఫీసుకు పోయాను, కూర్చోమంటే కూర్చున్నాను, అననప్పుడు నిలబడ్డాను. చివరికి ఆ రెండు బోర్డులూ పెట్టించాను. మా గోడ ఉన్న చోటే మళ్లీ చప్పుడు ఆపించానని కాలనీలో కొందరు చాటున నవ్వారు. నాకు తెలుసు. ఒక కుర్రవాడు ముఖానే, "మీకేం హక్కుంది అంకుల్?" అన్నాడు. "నాకు హక్కు లేదు, రూలు ఉంది" అన్నాను. మా తాతకు హక్కు ఉండేది, రూలు లేదు. తేడా అంతే అయినా, నా దృష్టిలో అది చిన్నది కాదు.

అత్త ఆపరేషనై నాలుగైదు రోజులైంది. ఆ ఆదివారం మా దగ్గర బోనాలు. పొద్దున నేను గదిలో ఉండగానే దూరంగా డప్పు వినబడింది. అత్త కళ్లు తెరిచింది. దరువు దగ్గరకొచ్చింది, ఇంకా దగ్గరకొచ్చింది, బోర్డు దగ్గర ఆగిపోయింది. కింద అడుగుల చప్పుడు, గజ్జెలు, ఎవరో పిల్లను ఊరుకోబెడుతున్న మాట. నేను అత్త వైపు చూశాను. ఆమె కుడిచేతి వేళ్లు మంచం పక్కన ఇనుప కమ్మీ మీద కదులుతున్నాయి. చేతికి దవాఖాన పట్టీ, సూది గుచ్చిన చోట ప్లాస్టరు, అయినా వేళ్లు తడబడలేదు. అవి సాగుతూనే ఉన్నాయి, చాలాసేపు సాగాయి. అవతలి బోర్డు దాటి డప్పు లేచేసరికి ఆమె ఒక దెబ్బ ముందుంది. "మన గోడ కన్న పొడుగున్నదిరా వీళ్ల గోడ" అన్నది.

తర్వాత మెల్లగా అడిగింది. "సాయంత్రం ఫలారం బండి ఇటే వస్తది కద. ఒక్కపారి ఆపకుంట పొమ్మని చెప్పరాదు?"

"నా మాట ఎవరింటరు అత్తా ఇప్పుడు?"

"బోర్డు పెట్టిపిచ్చిన మాట ఇన్నరు కద!"

నేను నచ్చజెప్పాను. పైన ఐసీయూ ఉంది, గుండె ఆపరేషన్లు అయినవాళ్లు ఉన్నారు, అందుకే రూలు అన్నాను. నీకోసం ఇవాళ ఒక్కసారి మోగనిస్తే, రేపు ఫంక్షన్ హాలువాడికి ఏ మొఖంతో చెప్పాలి అన్నాను. అంటున్నప్పుడే అది ఎవరి మాటో నాకు తెలిసింది. ఆమెకూ తెలిసింది. "అబ్బ, వచ్చినవా పటేలా! చుట్ట ఒక్కటే తక్కువ" అని గోడ వైపు తల తిప్పుకుంది. మధ్యాహ్నం అన్నం తినలేదు. పెరుగు కూడా ముట్టలేదు.

నేను బయట వరండాలో కూర్చుని ఆలోచించాను. చప్పుడును ఆమె దగ్గరికి తేలేను. ఆమెను చప్పుడు దగ్గరికి తీసుకుపోవడానికి ఏ రూలూ అడ్డం లేదు. డాక్టరు రౌండ్సుకు వచ్చినప్పుడు అడిగితే, కొద్దిసేపు వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి కింద తిప్పొచ్చు, మంచిదే అన్నాడు. డ్యూటీ నర్సు సునీత, రాజమండ్రి పిల్ల. "కింద అంటే లాబీలోనేనండీ సార్. ఎంట్రన్స్ దాటితే సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోరు, డిశ్చార్జి పేపర్ ఉండాలి" అన్నది. అత్త గోడ వైపు నుంచి తల తిప్పి, "నువ్వే తోల్కపో బిడ్డా నన్ను. దవాఖాన పిల్ల ఎంబడుంటే నేను బయిటికి పోయినట్టెట్లయితది?" అన్నది. ఆ తర్కానికి ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక, "మీతో వాదించలేమండీ అమ్మమ్మగారూ" అని, చెయిర్ తెచ్చింది. ముందు గేటు వద్దు, వెనుక ఇంకో గేటు ఉంది కదా అని నేనే అన్నాను. బట్టల మూటలు, ఆక్సిజన్ సిలిండర్లు వచ్చే దారి అది. ఇన్నేళ్లుగా లోపల అడుగుపెట్టకపోయినా, అది ఎక్కడుందో నేను ఎవరినీ అడిగి తెలుసుకోవాల్సిన పని లేదు. అక్కడే మా కొట్టం ఉండేది.

జనరేటర్ పక్కనుంచి, సిలిండర్ల వరుస పక్కనుంచి సునీత కుర్చీ తోస్తుంటే అత్త అటూ ఇటూ చూసింది. గేటు దాటి సందులోకి రాగానే ఆమెకు అర్థమైంది. "ఓయ్, ఇది మీ మామ వచ్చిన తొవ్వ కదరా!" అన్నది. "పేడ లేదు, గంతే." సందు చుట్టి, దవాఖాన ముందు రోడ్డు మీద అవతలి బోర్డు దాటాక, మొబైల్ షాపు మెట్ల పక్కన కుర్చీ ఆపాం. సాయంత్రపు వెలుగు ఇంకా ఉంది. దూరంగా అమ్మవారి నైవేద్యాలు పెట్టిన ఫలహారం బండి కనబడుతోంది. బోర్డుల నడుమ దాన్ని తోసుకుంటూ, చప్పుడు లేకుండా వస్తున్నారు. ముందు వరుసలో పసుపు టీషర్టులు వేసుకున్న డప్పులవాళ్లు, డప్పులు చంకలో పెట్టుకుని. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. అది నేను గమనించాను, అంతే.

వాళ్లు మా ముందున్న బోర్డు దాటారు. ముందున్న అతను డప్పు భుజానికి సర్దుకుని, మిగతావాళ్ల వైపు ఒకసారి చూసి, మొదటి దెబ్బ వేశాడు. ఎదురుగా, చేతికందేంత దగ్గరలో, అందరూ అందుకున్నారు. అత్త వెనక్కి ఒరిగింది, చెంపదెబ్బ తిన్నట్టు. అప్పుడే ఆ ముందున్న అతను ఆమెను చూశాడు. దవాఖాన గౌను, చేతికి పట్టీ, పక్కన నర్సు. వెంటనే చెయ్యెత్తాడు. డప్పులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"ఎందుకాపినవ్?" అన్నది అత్త.

"పేషెంటున్నరు కదమ్మా. పాపం, ఇబ్బందైతదని."

"పేషెంటును నేనే కద. ఆపుమని నేనడిగిన్నా?" అతను నా వైపు చూశాడు. అక్కడ అనవలసింది నేను కాదు. "కొట్టు బిడ్డా. మంచిగ కొట్టు. నేను చెయ్యెత్తినంక ఆపుదువు" అన్నది.

అతను నవ్వి తల వంచాడు. డప్పు లేచింది. మా ఇంటి మనిషి చెయ్యెత్తితే డప్పు ఆగడమే ఆ రోడ్డు ఎరుగును. ఆ సాయంత్రం కూడా వాళ్లు ఆమె చెయ్యి కోసమే చూస్తూ కొట్టారు. బండి వెనుక జనం ఆగారు, ఆటోలు ఆగాయి, సునీత గడియారం చూసుకుంది. అత్త చెయ్యెత్తలేదు. ఎత్తడానికి ఖాళీ లేదు. రెండు చేతుల వేళ్లూ కుర్చీ చేతుల మీద దరువు వేస్తున్నాయి.